ఖాళీ ట్రే

ముప్పై రెండేళ్ళు వచ్చేదాకా పైడిరాజు చేసిన పనుల్లో చుట్టాలంతా మెచ్చుకున్నది ఒక్కటే. మేనమామ ఇంటి గృహప్రవేశంలో పెరుగు బకెట్టు జరిపించడం.

ఆ రోజు ఎండకి మాడు పగిలిపోతోంది. డాబా మీద షామియానా కింద మూడు వందల మంది. భోజనాల వరస మెట్లు దిగి వీధిలోకి పాకింది. పులిహోర దగ్గర జనం కదలడం లేదని మేనమామ అక్కడ ఇంకో ఇద్దరు వడ్డనవాళ్ళని నిలబెట్టాడు. వరస ఇంకా పొడుగైంది. గోడకి ఆనుకుని ఫోన్ చూసుకుంటున్న పైడి తలెత్తి ఒక్కసారి చూశాడు.

"మావయ్యా, ఆ పెరుగు తీసుకెళ్ళి మెట్లకాడ పెట్టించు."

"పులిహోర కాడ ఆగిపోతే పెరుగు జరపమంతావేట్రా?"

"ఆగినట్టు కనిపిస్తంది పులిహోర కాడ. ఇరుక్కుంది మాత్రం పెరుగు కాడ. తిన్నోళ్ళు పెరుగు కోసం ఎనక్కొచ్చి, ఒచ్చేవోళ్ళకి అడ్డం పడతన్నారు. జరిపించి చూడు."

జరిపించాడు. పావుగంటలో వరస మాయమైంది. మేనమామ పైడి భుజం తట్టి, "బుర్రుందిరా నీకు, ఉద్యోగమే లేదు గానీ," అన్నాడు. మెచ్చుకుంటూనే ఒక ముల్లు గుచ్చడం మన చుట్టాలకి వెన్నతో పెట్టిన విద్య.

ఆ ముల్లు పైడికి గుచ్చుకుందో లేదో గానీ, పక్కనే ప్లేటు పట్టుకుని నిలబడ్డ శశిరేఖకి గుచ్చుకుంది. ఆమె వాడికన్నా ఆరేళ్ళు పెద్దదైన అక్క. నాన్న పోయాక ఇంటిని లాక్కొస్తున్నది ఆమె ఉద్యోగమే. విశాఖలో రుషికొండ మీద ఒక పరిశోధనశాలలో ప్రోగ్రామర్. పొద్దున్న ఎనిమిదింటికి బస్సెక్కి, సాయంత్రం తిరిగొచ్చి, చెప్పులు విప్పే ఓపిక కూడా లేక గుమ్మంలోనే కాసేపు చతికిలబడే మనిషి.

తమ్ముడికి ఆ చూపు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకి తెలుసు. పదకొండేళ్ళుగా వాడు ఒకటే ఆట ఆడుతున్నాడు. ఫ్యాక్టరీలు కట్టే ఆట. వట్టి నేల మీద మొదలుపెట్టి, ఖనిజం తవ్వి, కొలిమి పెట్టి, బెల్టులు పరిచి, మేకు నుంచి రైలింజను దాకా అన్నీ తయారుచేసుకుంటూ పోవాలి. అందులో శత్రువులు లేరు, గెలుపూ లేదు. ఎక్కడో ఒక చోట సరుకు ఆగిపోతుంది, ఎందుకాగిందో కనిపెట్టాలి, అంతే. వాళ్ళమ్మ సింహాచలమ్మ దానికి ఇనప ఆట అని పేరు పెట్టింది. "ఇంట్లో గేసయిపోతే తెల్దు గానీ, ఆ ఆటలో బొగ్గు తగ్గితే మటుకు తుళ్ళిపడి లెగుస్తాడు," అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పుకునేది.

ఓపికున్న రోజున శశిరేఖ కూడా ఆడేది. ఆ పటంలో ఒక మూల వాడి ఫ్యాక్టరీలు, ఇంకో మూల ఆమె స్టేషను. రైళ్ళు ఒకదానికొకటి గుద్దుకోకుండా సిగ్నళ్ళకి చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకోవడం ఆమె సరదా. పగలంతా చేసిన పనే మళ్ళీ సరదాగా చేసేది, అదో పిచ్చి. రెండు మూలలకీ మధ్య పొడుగాటి పట్టాలుండేవి. వాటి మీద అప్పుడప్పుడూ ఒక ఖాళీ బండి వచ్చి ఆమె స్టేషన్లో ఆగేది. అంటే అమ్మ కంచాలు పెట్టిందన్నమాట. ఇద్దరి చెవులకీ హెడ్‌ఫోన్లు, అమ్మ కేక వినబడదు. పైడి గది వంటింటి పక్కనే కాబట్టి వాడికి పోపు వాసన ముందు తెలిసేది. గోడ అవతల ఉన్న అక్కని నోరు విప్పి పిలవడానికి వాడికి బద్ధకం. ఒక బండి పంపేసి కంచం ముందు కూచునేవాడు. ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు, దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు కూడా.

శశిరేఖ వాళ్ళ పరిశోధనశాలలో తయారవుతున్న యంత్రం పేరు అచ్చు. చూడ్డానికి హెల్మెట్టులా ఉంటుంది, లోపలంతా వెంట్రుకంత సన్నని తీగలు. అది తలకి పెట్టుకుని మనిషి తనకి బాగా వచ్చిన పని చేసుకుంటూ ఉంటే, ఆ పనికి బుర్రలో పడ్డ దారులని యంత్రం చదివి ప్రోగ్రాంగా మారుస్తుంది. ఆ ప్రోగ్రాం ఎక్కించిన యంత్రానికి ఆ మనిషి నేర్పు వచ్చేస్తుంది. అప్పటికే ఉత్తరాలు వేరుచేసే ఆయన ఒకరు, లేత్ మిస్త్రీ ఒకరు, క్రేన్ నడిపే ఆయన ఒకరు తలా ఒక పూట కూచుని వెళ్ళారు. ముగ్గురి చేతినేర్పూ యంత్రం బాగానే పట్టుకుంది.

ఈసారి భీమిలి దగ్గర ఒక రొయ్యల ప్లాంటువాళ్ళు అడిగింది చేతినేర్పు కాదు. ప్లాంటు మొత్తంలో సరుకు ఎక్కడ ఆగబోతోందో ఆగకముందే పసిగట్టే కన్ను కావాలన్నారు.

"అలాంటి మనిషి మనకెక్కడ దొరుకుతాడు?" అన్నారు పరిశోధనశాల పెద్ద, డాక్టర్ అరుంధతి.

శశిరేఖ నోరు ఊరుకోలేదు. "మా ఇంట్లో ఉన్నాడు మేడమ్," అంది.

ఇంట్లో ఈ మాట చెప్పగానే సింహాచలమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. "బుర్రలో తీగలెడతారేటి? ఉన్న మతి పోదు గదా?"

"లోపల కాదమ్మా, తల మీదే. అది ఊరికే చదువుతుంది. ఇంకేమీ చెయ్యదు."

"చదివితే ఏటీ పోదు గదక్కా?" అన్నాడు పైడి.

"పుస్తకం చదివితే అరుగుతుందేంట్రా?" అని నవ్వింది శశిరేఖ.

ఆమె వేళాకోళానికి అనలేదు, నిజంగా నమ్మే అంది. పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఆమె నేర్చుకున్నది అదే. ఉన్నదాని మీద కొత్తది రాసేటప్పుడు భయపడాలి, చెరిపేటప్పుడు ఇంకా భయపడాలి. చదవడానికి భయమెందుకు? ఒక ఫైలుని వెయ్యిసార్లు చదివినా అందులో అక్షరం ముక్క చెదరదు. ప్రోగ్రాములు రాసేవాళ్ళెవర్ని అడిగినా ఈ మాటే చెబుతారు. యంత్రం చదివే భాగాన్ని రాసింది కూడా ఆమే, ఇంకేం భయం?

పైడికి మెళ్ళో వేసుకునే గుర్తింపు కార్డు ఇచ్చారు. దాన్ని వాడు పాల ప్యాకెట్టుకి వెళ్ళినా వేసుకునే వెళ్ళేవాడు. ఆదివారాలు సింహాచలమ్మ దాన్ని తీసి దేవుడి మూల మేకుకి తగిలించి పసుపు చుక్క పెట్టేది. చుట్టాలు ఫోన్ చేస్తే ముందు "మావోడు లేబులో చేస్తన్నాడు" అని, తర్వాతే బాగున్నారా అని అడిగేది.

రెండు వారాలకోసారి చొప్పున ఆరు పూటలని లెక్కవేశారు. ప్రతి పూటా ముందు ఒక పరీక్ష పెట్టేవారు. తెర మీద ఎక్కడో ఇరుక్కుపోయిన ఫ్యాక్టరీ బొమ్మ కనబడుతుంది, ఆ ఇరుకు ఎక్కడో వేలు పెట్టి చూపించాలి. మొదటి రోజు పైడి నాలుగు క్షణాల్లో చూపించాడు. అద్దం అవతల నిలబడ్డ డాక్టర్ అరుంధతి, "అసలు చూశాడా, ఊరికే వేలు పెట్టేశాడా?" అని అడిగారు. శశిరేఖకి తనకే కార్డు ఇచ్చినంత గర్వంగా అనిపించింది. తర్వాత రెండు గంటలు వాడు హెల్మెట్ పెట్టుకుని తన ఆట తను ఆడుకున్నాడు. యంత్రం చదువుకుంటూ పోయింది.

మూడో పూట అయ్యాక వాడు ఎక్కువ నిద్రపోవడం మొదలెట్టాడు. లేచినా కంప్యూటర్ ముందు కూచుని తెర వంక చూస్తూ ఉండేవాడు, చేతులు కదిలేవి కావు. శశిరేఖ స్టేషనుకి ఖాళీ బండి రావడం మానేసింది. అమ్మే వచ్చి భుజం మీద తట్టి, "అన్నం సల్లారిపోతంది," అనేది. ఉద్యోగస్థుడయ్యాడు కదా, ఇంక ఆటకి ఓపికెక్కడిది అనుకుంది శశిరేఖ. అలసట ఆమెకి బాగా తెలిసిన చుట్టం. తమ్ముడి దగ్గరికి కూడా వచ్చిందంటే ఆశ్చర్యం వెయ్యలేదు.

నాలుగో పూట అయిన వారానికి మేనమామ కూతురి పెళ్ళి. మళ్ళీ అదే డాబా, అదే షామియానా. ముహూర్తం ఆలస్యమై జనమంతా ఒక్కసారి భోజనాల మీద పడ్డారు. మేనమామ కండువాతో మొహం తుడుచుకుంటూ, "ఒరే పైడీ, లేబులో ఉన్నోడివి, ఓసారి చూడరా!" అని కేకేశాడు.

పైడి ముందుకొచ్చి నిలబడ్డాడు. వరస వంక చూశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. పెళ్ళివారు కూడా తలలు తిప్పి వాడి వంక చూడసాగారు. చివరికి వాడు, "ఆ పెరుగు... మెట్లకాడ పెట్టించు మావయ్యా," అన్నాడు.

ఈసారి మెట్ల దగ్గర చేతులు కడుక్కునే కుళాయి ఉంది. అసలు ఇరుకంతా అక్కడే. పెరుగు కూడా అక్కడికి చేరేసరికి జనం ఒకర్నొకరు తోసుకున్నారు. ఎవరి చేతిలోదో సాంబారు గిన్నె పెళ్ళికొడుకు బాబాయి చొక్కా మీద ఒలికింది. "ఈసారి పెరుగు పంజెయ్యలేదురోయ్!" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. పైడి కూడా నవ్వాడు. వాడలా నవ్వడం శశిరేఖ చూడలేకపోయింది.

తిరుగు బస్సులో కిటికీలోంచి చూస్తూ వాడన్నాడు, "అక్కా, నాకక్కడ మనుషులు కనిపించారే."

"మనుషులు కాకపోతే ఇంకేం కనిపిస్తాయిరా?"

"ఇదివరకు మనుషులు కనిపించేవోళ్ళు కాదు. నీళ్ళు పారినట్టు, ఎటునించి ఎటు పోతన్నదీ కనిపించేది. ఇవాళ ఎంత చూసినా ఎర్ర చీర, తెల్ల చొక్కా, బట్టతల. అంతే." చెప్పి, సీటుకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే శశిరేఖ పరిశోధనశాలలో కూచుని పాత లెక్కలు బయటికి తీసింది. ప్రతి పూటా మొదటి పది నిమిషాల అంకెలని ఆమె ప్రోగ్రాం చెత్త కింద పక్కకి నెట్టేసేది. కొత్త చోట మనిషి కుదురుకోవడానికి పది నిమిషాలు పడుతుంది, ఆ అంకెలు నమ్మదగ్గవి కావు అని ఆ నియమం రాసింది ఆమే. అలా రాసినందుకు అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు కూడా. పరీక్ష బొమ్మ మీద వాడు వేలు పెట్టడానికి పట్టిన సమయాలన్నీ ఆ చెత్తబుట్టలోనే ఉన్నాయి. మొదటి పూట నాలుగు క్షణాలు. రెండో పూట ఏడు. మూడో పూట పంతొమ్మిది. నాలుగో పూట నలభై ఒకటి.

ఆమె వెంటనే ఉత్తరాలు వేరుచేసే ఆయనకి ఫోన్ చేసింది. ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు. "అవునమ్మా, ఈమధ్య చెయ్యి కాస్త మందగించింది. పిన్‌కోడ్ చూడాల్సి వస్తంది, ఇదివరకు చూసేవోణ్ణి కాదు. వయసు గదమ్మా," అన్నాడు. ఆయనకి నలభై నాలుగేళ్ళు.

డాక్టర్ అరుంధతి ఆ కాగితం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆవిడా బాగా అలిసిపోయి కనిపించారు.

"అనుమానం ఉండేది శశిరేఖా. రుజువు లేదు. నిజం చెప్పాలంటే రుజువు కోసం నేను వెతకలేదు."

"చదవడమే కదా మేడమ్? చదివితే ఎందుకు పోతుంది?"

"మీ ఫైళ్ళలో పోదు. బుర్రలో దారి మామూలుగా గడ్డకట్టి ఉంటుంది, బెల్లం దిమ్మలా. అలా ఉంటే అచ్చు దిగదు. అందుకని మన యంత్రం కాస్త కరెంటు పంపి దాన్ని మెత్తబరుస్తుంది, ఆ భాగం మీరు రాసిన ప్రోగ్రాంలో లేదు. చదివాక అది మళ్ళీ గట్టిపడుతుంది. కానీ తీసిన ప్రతిసారీ అచ్చుకి కొంచెం అంటుకుపోతోంది అన్నమాట. ఒక పూట కూచున్నవాళ్ళు వయసు అనుకుని సరిపెట్టుకుంటారు. మీ తమ్ముడు నాలుగు పూటలు కూచున్నాడు."

"మన దగ్గర ఉన్నది మళ్ళీ వాడికి ఎక్కించలేమా?"

"చదవడం నేర్చుకోవడానికే పదేళ్ళు పట్టింది. రాయడం ఎవరికీ రాదు."

"అయితే ఆపేద్దాం."

"ఆపేస్తే ఇప్పటిదాకా తీసింది దేనికీ పనికిరాదు, సగం అచ్చుతో బొమ్మ రాదు. అందుకని ఆపొద్దని అనడం లేదు. మీ తమ్ముణ్ణి అడగండి. వద్దంటే ఈ క్షణమే ఆపేస్తాను, ప్లాంటువాళ్ళకి జవాబు నేను చెప్పుకుంటాను." ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకోలేదు.

శశిరేఖ చెప్పడానికి రెండు రోజులు తాత్సారం చేసింది. ఆదివారం పొద్దున్న పైడి వంటింటి గుమ్మంలో కూచుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు. సింహాచలమ్మ పొయ్యి దగ్గరుంది. ఇంక దాచడం తన వల్ల కాక మొత్తం ఒక్క గుక్కలో చెప్పేసింది. అంకెలు చెప్పింది, నియమం రాసింది తనేనని చెప్పింది, బెల్లం సంగతీ చెప్పింది.

పైడి చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "అయితే చదివితే అరుగుద్దన్నమాట," అన్నాడు.

"అరుగుతుందిరా. నాకు తెలీదు. తెలీకుండా నీకు చెప్పాను."

వాడు తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమెకి బాగుండేది. సింహాచలమ్మే ఇటు తిరిగింది. "ఆడికున్నదదొక్కటే గదే! బళ్ళో ఫస్టు రాలేదు, ఉద్యోగం నిలబడలేదు. ఆ ఇనప ఆటొక్కటే ఆడి సొంతం. నానేదో ఏళాకోళానికి అన్నాను గానీ, నాకు తెల్దేటి?" అంది. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటే శశిరేఖ తలెత్తలేకపోయింది.

"ఆపేద్దాంరా. మేడమ్ ఒప్పుకున్నారు. మిగిలిందైనా నీకు ఉంటుంది."

పైడి చేతిలో కాయ తుంచాడు. "మిగిలింది ఎలగుందో తెలుసా అక్కా? కళ్ళు మూసుకుంటే బెల్టు సగందాకా కనిపిస్తంది. ఆ తర్వాత ఎటు పోతందో తెలీదు. ఎతుక్కుంటాను. తల పగిలిపోతంది. ఏదో మాట నాలిక చివర్న ఉండి రానప్పుడు ఉంటది చూడు, పొద్దస్తమానం అలగే." ఈనె తీసి పక్కన పడేశాడు. "నా కాడ సగం, ఆ డబ్బాలో సగం. రెండూ దేనికీ పనికిరావు. ఎక్కడో ఒక్కచోటైనా పూర్తిగా ఉండనీ. తీసేసుకోండి."

"పిచ్చి మాటలు మాట్లాడకు."

"పదకొండేళ్ళక్కా. చెత్తలో పారేస్తానంటే నానొప్పుకోను." వాడి గొంతు ఏమీ పెరగలేదు. "నువ్వే నొక్కు ఆ మీట. ఇంకెవులూ వద్దు."

శశిరేఖే నొక్కింది. అయిదో పూటా ఆమే, ఆరో పూటా ఆమే. చివరి రోజు పరీక్ష బొమ్మ ముందు పైడి మూడు నిమిషాలు కూచున్నాడు. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని, "నాకు తెలవట్లేదు మేడమ్, సారీ," అన్నాడు. డాక్టర్ అరుంధతి పక్క గదిలోకి వెళ్ళిపోయారు. ఇంటికొస్తూ దారిలో వాడు అక్కకి చెరుకు రసం ఇప్పించాడు. తలనొప్పి తగ్గిందని చెప్పాడు. అది అబద్ధం కాదని వాడి మొహం చూస్తేనే తెలుస్తోంది, అందుకే ఆమె గ్లాసు సగంలోనే పక్కన పెట్టేసింది.

అయిదు నెలలు గడిచాయి. పరిశోధనశాలలో ఇంక ఎవర్నీ ఒక పూట కంటే ఎక్కువ కూచోబెట్టకూడదని, కూచునే ముందే అరుగుతుందని చెప్పాలని రూలు పెట్టారు. చెప్పాక ఎవరూ కూచోవడం లేదు. పైడి ఒక సెల్‌ఫోన్ల రిపేరు షాపులో పనికి కుదిరాడు. స్క్రూలు పారేసుకుంటున్నాడు గానీ పని మెల్లగా వస్తోంది. ఆట మాత్రం మళ్ళీ తెరవలేదు. సింహాచలమ్మ ఆ గదిలో కంప్యూటర్ మీద గుడ్డ కప్పింది.

రొయ్యల ప్లాంటులో ప్రోగ్రాం బ్రహ్మాండంగా నడుస్తోందని ఉత్తరాలొచ్చాయి. ఐసు వృథా కావడం లేదు, సరుకు ఎక్కడా ఆగడం లేదు. ఒక్కటే ఫిర్యాదు. దాని కోసం శశిరేఖ స్వయంగా రావాలన్నారు. ఆ రోజు షాపుకి సెలవని పైడి కూడా బయల్దేరాడు. అమ్మ ఇద్దరికీ క్యారేజీ కట్టింది.

"ఏమీ లేదు మేడమ్," అన్నాడు ప్లాంటు ఇంజనీరు గణపతి. "నలభై నిమిషాలకోసారి ఒక ట్రే ఖాళీగా బయల్దేరుతుంది. దాని ముందు కొంత ఖాళీ, వెనక కొంత ఖాళీ. వొలిచే హాలు చివరిదాకా వెళ్ళి, అక్కడ ఒక్క క్షణం ఆగి తిరిగొస్తుంది. ఏమీ తీసుకెళ్ళదు, ఏమీ తీసుకురాదు. మాకు టైం దండగ. మీ ప్రోగ్రాంలో ఏదో తప్పు."

శశిరేఖ పక్కనున్న స్టూలు మీద కూచుంది.

హాల్లో తెల్ల టోపీలు పెట్టుకుని వరసగా నిలబడి రొయ్యలు వొలుస్తున్న ఆడవాళ్ళలో ఒకావిడ, ఎర్రమ్మ, తలెత్తి చూసింది. "ఏటమ్మా, మా ఆడపడుచుని తీసేత్తారేటి?"

"ఆడపడుచేంటి?"

"ఆ కాళీ ట్రేనమ్మా. ఉత్త సేతుల్తో ఒత్తాది, పనేటీ సెయ్యదు, అందరం దారియ్యాల. ఆడపడుచు కాపోతే మరేటి?" పక్కవాళ్ళు కిసుక్కుమన్నారు. "అయితే మాటాడకూడదు గానీ తల్లీ, అదొచ్చినప్పుడే ఓ సిటికంత సేపు బెల్టు కాళీగుంటాది. అప్పుడే మేం నడుం ఎత్తేది. దాన్నుండనీయండమ్మా."

శశిరేఖ లాప్‌టాప్ తెరిచి ప్రోగ్రాం అంతా వెతికింది. ఖాళీ ట్రే పంపమని ఎక్కడా ఒక్క ముక్క రాసి లేదు. ఎవరూ రాయలేదు. అది చదివి తీసిన భాగంలోనే ఎక్కడో ఉంది, ఆ దారుల్లో కలిసిపోయి. దాన్ని ఆపడం మాత్రం కష్టం కాదు. ట్రే ఖాళీగా ఉంటే కదలనివ్వొద్దని పైన ఒక్క వాక్యం రాస్తే చాలు. గణపతి వెనకే నిలబడి చూస్తున్నాడు. ఆమె వాక్యం రాసింది. అమల్లో పెట్టడానికి ఒక్క మీట మిగిలింది.

అప్పుడు హాల్లో, "ఆడపడుచొచ్చింది, దారియ్యండే!" అని కేక వినబడింది. ఆడవాళ్ళంతా ఒక్కసారి చేతులు నడుం మీద పెట్టుకుని వెనక్కి వంగారు. నీలం రంగు ట్రే ఒకటి, నీటి చుక్క కూడా లేకుండా, బెల్టు మీద తీరుబడిగా వచ్చింది. హాలు చివర, శశిరేఖ కూచున్న చోటుకి ఎదురుగా వచ్చి ఆగింది.

పైడి దాని వంక ఆసక్తిగా చూశాడు. వంగి లోపలికి తొంగి చూశాడు.

"అక్కా, ఇదేటి, ఖాళీగా ఒచ్చింది?"

ఆమె వాడి మొహంలోకి చూసింది. ఎక్కడైనా ఒక మూల ఏదైనా మెదులుతుందేమోనని చూసింది. వాడు నిజంగానే అడుగుతున్నాడు. ఖాళీ బండి పంపే ఆ అలవాటు వాడి మాటల్లో ఎప్పుడూ లేదు, చేతుల్లోనే ఉండేది. చేతుల్లోంచి ఆమే తీసేసింది.

"ఎవులో సరుకెయ్యడం మర్చిపోయినట్టున్నారు. దండగ గదా?" అన్నాడు వాడు. ట్రే ఒక్క కుదుపుతో కదిలి, తిరిగి వెళ్ళిపోయింది.

"దండగ కాదురా," అంది శశిరేఖ. "అన్నానికి పిలవడానికి వచ్చింది."

"ఎవుల్ని?"

"నన్ను."

పైడి కాసేపు ఆమె వంక చూశాడు. రాత్రీ పగలూ పనిచేసి మతి తప్పినవాళ్ళ వంక ఎలా చూస్తారో అలా, జాలిగా. ఆ జాలికి ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. రాసిన వాక్యం అక్షరం తర్వాత అక్షరం చెరిపేసింది. చెరపడానికి జీవితంలో మొదటిసారి ఆమెకి భయం వెయ్యలేదు.

"తప్పేం లేదండీ," అంది గణపతితో, వెనక్కి తిరక్కుండానే. "అది అలాగే ఉండాలి. అది ఆగిందంటే మాకు చెప్పండి, అప్పుడొచ్చి బాగుచేస్తాం."

గణపతి తల గోక్కుంటూ తన గదికి వెళ్ళిపోయాడు. పైడి బెంచీ మీద క్యారేజీ గిన్నెలు విప్పి వరసగా పెట్టాడు. చారు ముందు, అన్నం చివర, మూతలు మధ్యలో. గిన్నెకీ గిన్నెకీ చెయ్యి అడ్డం పడుతూనే ఉంది. అదివరకైతే చూడకుండానే సరిగ్గా పెట్టేవాడు, అక్కని మాత్రం నోరు విప్పి పిలిచేవాడు కాదు.

"అక్కా," అన్నాడు పైడి, "రావే, తిందాం. అన్నం చల్లారిపోతంది."

శశిరేఖ లాప్‌టాప్ మూసి, లేచి వెళ్ళి వాడి పక్కన కూచుంది.